పరాయి దేశంలో డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే: ఒంట్లో బాగున్నప్పుడే మొదలుపెట్టాల్సిన పని

పరాయి దేశంలో జ్వరం వచ్చిన మొదటి రాత్రి ఎవరికైనా గుర్తుండిపోతుంది. ఒళ్లు కాలిపోతుంటే ఫోన్ పట్టుకుని దగ్గర్లో డాక్టర్ కోసం వెతికాను. దొరికిన మూడు క్లినిక్కుల్లో ఒకటి కొత్త పేషెంట్లని తీసుకోమంది, రెండోది నా ఇన్సూరెన్స్ చెల్లదంది, మూడోది సోమవారం దాకా తెరవదు. ఇక చేసేది లేక పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి ఏడు గంటలు కుర్చీలో కూర్చున్నాను. చివరికి వచ్చిన డాక్టర్ నాలుగు నిమిషాలు చూసి, ఇది మీ ఫ్యామిలీ డాక్టర్ చూడాల్సిన కేసు అన్నారు. నాకు ఫ్యామిలీ డాక్టర్ లేరు, ఉండాలన్న సంగతే తెలీదు.

అందుకే ఇదంతా రాస్తున్నాను. ఇక్కడ చెప్పేవాటిలో సగానికి పైగా జబ్బు రాకముందు చేసుకోవాల్సినవే. ఒంట్లో బాగున్నప్పుడు రెండు సాయంత్రాలు కేటాయిస్తే అయిపోయే పని, జ్వరంలో మొదలుపెడితే తలప్రాణం తోకకొస్తుంది.

మొదటి మెట్టు: ఆ దేశంలో వైద్యానికి గుమ్మం ఎక్కడుందో కనుక్కోండి

ప్రతి దేశంలోనూ వైద్యంలోకి వెళ్లడానికి ఒక గుమ్మం ఉంటుంది. అది ఎక్కడుందో తెలియకపోతే ఎంత పెద్ద ఆసుపత్రి ఎదురుగా ఉన్నా లాభం లేదు. స్థూలంగా చూస్తే రెండు పద్ధతులు. ఒకదాంట్లో మోకాలు నొప్పి వచ్చినా, చర్మం మీద మచ్చ వచ్చినా ముందు జనరల్ డాక్టర్నే కలవాలి, ఆయన ఉత్తరం రాస్తేనే స్పెషలిస్ట్ చూస్తారు. బ్రిటన్, నెదర్లాండ్స్ ఇలాంటివి. ఆస్ట్రేలియాలో స్పెషలిస్ట్ ఫీజులో మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్) వాటా రావాలంటే జనరల్ డాక్టర్ రిఫరల్ కావాలి. జపాన్‌లో ఉత్తరం లేకుండా పెద్ద ఆసుపత్రికి నేరుగా వెళ్తే అదనపు ఫీజు వేస్తారు. రెండో పద్ధతిలో నేరుగా స్పెషలిస్ట్‌నే కలవొచ్చు. అమెరికాలో ఇది మీ ప్లాన్ మీద ఆధారపడి ఉంటుంది: హెచ్ఎంఓ రకం ప్లాన్ అయితే మామూలుగా రిఫరల్ అడుగుతుంది, పీపీఓ అయితే అడగదు.

ఉత్తరం పద్ధతిని చాలామంది అడ్డంకిలా చూస్తారు, నేనూ మొదట్లో అలాగే చూశాను. కానీ ఒకే డాక్టర్ మిమ్మల్ని రెండు మూడేళ్లు చూస్తే, మీ మామూలు బీపీ ఎంతో, మీకు ఏ మందు తేడా చేస్తుందో ఆయనకి తెలిసి ఉంటుంది. ఊళ్లో మనల్ని ఎరిగినవాళ్లు ఎవరూ లేనప్పుడు అది చిన్న విషయం కాదు.

రెండో మెట్టు: దిగిన మొదటి నెలలోనే పేరు రాయించుకోండి

ఇంగ్లండ్‌లో ఉంటే మీ ప్రాంతంలోని జీపీ సర్జరీలో, అంటే జనరల్ డాక్టర్ క్లినిక్‌లో, రిజిస్టర్ చేసుకోండి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. అడ్రస్ ప్రూఫ్ గానీ వీసా కాగితం గానీ లేదని మిమ్మల్ని తిప్పి పంపకూడదు, రిజిస్ట్రేషన్‌కి అవి తప్పనిసరి కాదు. ఆరు నెలలకి మించిన వీసాతో వచ్చినవాళ్లు మామూలుగా వీసాతోపాటే హెల్త్ సర్‌చార్జి కట్టేసి ఉంటారు, అయినా ఏళ్ల తరబడి జీపీ దగ్గర పేరు రాయించుకోనివాళ్లని నేను చూశాను. కట్టిన డబ్బుకి దక్కే వైద్యం అది, వాడుకోండి.

కెనడాలో హెల్త్ కార్డ్ ప్రావిన్స్ ఇస్తుంది, నియమాలు ప్రావిన్స్‌కొకటి. బ్రిటిష్ కొలంబియాలో అయితే మీరు వచ్చిన నెలలో మిగిలిన రోజులు, ఆ పైన రెండు నెలలు ఆగాలి. ఆ మధ్యకాలానికి ప్రైవేట్ ఇన్సూరెన్స్ తీసుకోకపోతే, కాలు జారి పడ్డా ఖర్చంతా మీదే. ఆస్ట్రేలియాకి స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకి ఓఎస్‌హెచ్‌సీ అనే హెల్త్ కవర్ దాదాపు అందరికీ తప్పనిసరి. జర్మనీలో ప్రభుత్వ ఇన్సూరెన్స్ కార్డ్ చేతికొచ్చాక ఇంటి దగ్గర్లో ఒక హౌస్‌ఆర్ట్స్‌ని, అంటే ఫ్యామిలీ డాక్టర్ని, చూసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. క్లినిక్‌కి ఫోన్ చేసి "మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?" అని అడక్కండి. తీసుకుంటాం అనే మాటకి, బిల్లు ఆ కంపెనీకి పంపిస్తాం అన్నంత అర్థమే ఉండొచ్చు. కార్డ్ చేతిలో పెట్టుకుని దాని మీద ఉన్న ప్లాన్ పేరు అక్షరం పొల్లు పోకుండా చదివి, "ఈ ప్లాన్‌కి ఈ డాక్టర్ ఇన్-నెట్‌వర్కేనా?" అని, అంటే ఆ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టరేనా అని అడగండి. తర్వాత కార్డ్ వెనకున్న నంబర్‌కి ఫోన్ చేసి ఇన్సూరెన్స్ వాళ్లనీ అదే ప్రశ్న అడగండి. ఎవరితో మాట్లాడారో ఆ పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబర్ రాసిపెట్టుకోండి. తర్వాత బిల్లు తేడాగా వస్తే మీ చేతిలో ఉండేది ఆ కాగితమే.

పళ్లు, కళ్లు చాలా దేశాల్లో వేరే లెక్క. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో అవి ఉన్నాయో లేవో విడిగా చూసుకోండి.

మూడో మెట్టు: ఇన్సూరెన్స్ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి

డిడక్టిబుల్, కో-పే, కో-ఇన్సూరెన్స్, అవుట్-ఆఫ్-పాకెట్ మ్యాగ్జిమమ్. ఈ నాలుగు మాటలూ అర్థమైతే అమెరికా లాంటి చోట సగం టెన్షన్ పోతుంది. డిడక్టిబుల్ అంటే ఏడాదిలో మొదట మీ జేబులోంచి పోయే మొత్తం. కో-పే అంటే ప్రతి విజిట్‌కీ కట్టే స్థిరమైన ఫీజు. కో-ఇన్సూరెన్స్ అంటే డిడక్టిబుల్ దాటాక మిగిలినదాంట్లో మీ శాతం. మ్యాగ్జిమమ్ అంటే ఏడాది మొత్తం మీద మీ వాటాకి గీసిన గీత.

లెక్క వేద్దాం. డిడక్టిబుల్ 1000, కో-ఇన్సూరెన్స్ 20 శాతం, మ్యాగ్జిమమ్ 3000 అనుకోండి. ఏడాదిలో మొదటి బిల్లు 6000 వచ్చింది. మొదటి 1000 మీది, మిగిలిన 5000లో 20 శాతం అంటే ఇంకో 1000, మొత్తం 2000 కడతారు. అదే బిల్లు 16000 అయితే 1000కి తోడు 15000లో 20 శాతం 3000, కలిపి 4000 కావాలి, కానీ గీత 3000 దగ్గర ఉంది కాబట్టి అక్కడితో ఆగిపోతుంది. ఇదంతా ఇన్-నెట్‌వర్క్‌లో, ప్లాన్ కవర్ చేసే వైద్యానికే. నెట్‌వర్క్ బయటికెళ్తే గీతే వేరు, కొన్ని ప్లాన్లలో అసలు గీతే ఉండదు.

జపాన్ జాతీయ ఇన్సూరెన్స్‌లో పెద్దవాళ్లు సాధారణంగా 30 శాతం కడతారు, అది సులువైన లెక్క. యూఏఈలో కంపెనీ ఇచ్చే కార్డ్ అయితే ఏ నెట్‌వర్క్‌లో ఉందో, స్కానింగ్ లాంటివాటికి ముందస్తు అప్రూవల్ కావాలో చూసుకోండి. అప్రూవల్ రాకుండా స్కాన్ చేయించుకుంటే ఆ ఖర్చు మీ మీదే పడొచ్చు.

అమ్మానాన్నలు మీ దగ్గరికి వస్తుంటే వాళ్ల ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఒక్క పేరా చదవండి: ముందునుంచీ ఉన్న జబ్బుల గురించి రాసిన పేరా. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి చాలా పాలసీలు ఆ జబ్బులకి సంబంధించిన రెగ్యులర్ వైద్యం ఇవ్వవు. విమానం ఎక్కకముందే ఇది తెలిసి ఉంటే సరిపడా మందులు, రిపోర్టులు పట్టుకొస్తారు.

నాలుగో మెట్టు: ఒక్క పేజీ

మొత్తం మార్గదర్శిలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి. కొత్త డాక్టర్‌కి మీరు ఎవరో తెలీదు. ఆయనకి మీ గురించి తెలిసేది మీరు ఆ పది నిమిషాల్లో చెప్పేది, చేతికిచ్చే కాగితం, అంతే. ఫైలంతా మోసుకెళ్తే ఎవరూ చదవరు. ఒక్క పేజీ అయితే చదువుతారు.

ఆ పేజీలో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ రాయండి. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయండి, ఎందుకంటే 04/07 అంటే ఒక దేశంలో ఏప్రిల్ 7, ఇంకో దేశంలో జూలై 4. తర్వాత ఉన్న జబ్బులు, అవి ఏ సంవత్సరం మొదలయ్యాయో, అయిన ఆపరేషన్లు, పడని మందులు రాయండి. పడదు అంటే ఏం జరిగిందో కూడా చెప్పండి: ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడకపోవడం వేరు, కడుపులో తిప్పడం వేరు. రెండోది చాలాసార్లు అలర్జీ కాదు, సైడ్ ఎఫెక్ట్. ఆ తేడా చెప్పకపోతే మంచి మందు ఒకటి మీకు జీవితాంతం దూరమైపోవచ్చు. అమ్మానాన్నలకి, తోడబుట్టినవాళ్లకి గుండెజబ్బు, షుగర్, క్యాన్సర్ ఉంటే ఏ వయసులో వచ్చిందో రాయండి. చివర్లో మీకేమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్ దేశం కోడ్‌తో సహా.

మందుల పేర్ల దగ్గర జాగ్రత్త. బ్రాండ్ పేరు రాస్తే సరిపోదు, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్నిసార్లు అని రాయండి. ఒకే బ్రాండ్ పేరు మీద రెండు దేశాల్లో వేర్వేరు మందులు అమ్ముతున్న సందర్భాలున్నాయి: ఫ్లోమాక్స్ అంటే అమెరికాలో ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్, ఇటలీలో అదే పేరుతో నొప్పి, వాపులకిచ్చే పూర్తిగా వేరే మందు ఉంది. అసలు పేర్లు కూడా అక్కడక్కడా మారతాయి. పారాసిటమాల్‌ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, ఆస్తమా ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్‌ని అల్బుటెరాల్ అంటారు. రెండూ ఒకటేనని తెలియక పారాసిటమాల్ మాత్ర వేసుకుని, పైన అసిటమినోఫెన్ ఉన్న జలుబు మందు కూడా తాగేవాళ్లున్నారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా రోజుకి 4 గ్రాములు దాటితే లివర్‌కి ప్రమాదం, కాబట్టి జలుబు సిరప్ సీసా మీద రాసింది చదవకుండా మాత్ర వేసుకోకండి.

కొలతలు కూడా మారతాయి. షుగర్ 126 అని మీరు చెప్తే, మిల్లీమోల్స్‌లో చూసే దేశంలో డాక్టర్‌కి అది 7. పద్దెనిమిదితో భాగిస్తే సరిపోతుంది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7 శాతం అంటే బ్రిటన్ రిపోర్ట్‌లో 53 అని ఉంటుంది, చూసి గుండె గుభేలుమనక్కర్లేదు. జ్వరం 101 అంటే సెల్సియస్‌లో 38.3. రిపోర్టుల్లో అంకె పక్కనున్న యూనిట్ కూడా తప్పకుండా రాసుకోండి.

పేజీని ప్రింట్ తీసి పాస్‌పోర్ట్‌తోపాటు ఒకటి పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో ఉంచండి. మందులు మారినప్పుడల్లా కొత్త పేజీ తీయండి.

ఐదో మెట్టు: ఏ బాధకి ఎక్కడికి

ఇది ముందే తేల్చుకుని ఫ్రిజ్ మీద అంటించుకోవాలి, ఎందుకంటే నొప్పిలో బుర్ర పనిచేయదు.

మామూలు జలుబు, దద్దుర్లు, విరేచనాలు అయితే ముందు ఫార్మసిస్ట్‌ని అడగండి. చాలా దేశాల్లో ఫార్మసిస్ట్ అంటే బాగా చదువుకున్న నిపుణులు, సలహాకి డబ్బులు తీసుకోరు. ఇంగ్లండ్‌లో 2024 జనవరి నుంచి ఏడు మామూలు జబ్బులకి ఫార్మసిస్టే చూసి అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇవ్వొచ్చు. రోజుల తరబడి ఉన్న బాధకి ఫ్యామిలీ డాక్టర్. ఈ రోజే చూపించుకోవాలి గానీ ప్రాణం మీదికి రాలేదు అనిపిస్తే అమెరికాలో అర్జెంట్ కేర్, కెనడాలో వాక్-ఇన్ క్లినిక్, జర్మనీలో వేళకాని వేళైతే 116117 నంబర్, ఇంగ్లండ్‌లో 111.

ఇక్కడ ఒక హెచ్చరిక. బ్రిటన్‌లో 111 అంటే అత్యవసరం కాని సలహా నంబర్, న్యూజిలాండ్‌లో అదే 111 ఎమర్జెన్సీ నంబర్. దేశం మారిన ప్రతిసారీ నంబర్ మళ్లీ నేర్చుకోవాల్సిందే. అమెరికా, కెనడాల్లో 911, యూరోపియన్ యూనియన్ అంతటా 112, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, సింగపూర్‌లో అంబులెన్స్‌కి 995, యూఏఈలో 998, సౌదీలో 997, జపాన్‌లో 119. పిల్లలకి కూడా నేర్పండి, ఇంటి అడ్రస్ ఆ దేశపు భాషలో పలకడంతో సహా.

ఛాతీ మధ్యలో బిగపట్టినట్టు నొప్పి, ఊపిరాడకపోవడం, ఆగని రక్తం, మూతి ఒక పక్కకి వంగడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, ఇవి ఉంటే ఇన్సూరెన్స్ గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించకండి, అంబులెన్స్ పిలవండి. పక్షవాతంలో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే పనికొస్తుంది. అందుకే లక్షణం కనిపించిన టైము గడియారం చూసి రాసుకోండి, అంబులెన్స్ వాళ్లు మొదట అడిగే వాటిలో అదొకటి. అమెరికాలో 1986 చట్టం ప్రకారం మెడికేర్‌లో (అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో) ఉన్న ఆసుపత్రుల ఎమర్జెన్సీలు డబ్బు ఉందా, వీసా ఏమిటి అని చూడకుండా పరీక్షించి ప్రాణాపాయం లేకుండా చేయాలి. బిల్లు తర్వాత వస్తుంది, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మనసు బాగోకపోవడం కూడా డాక్టర్‌కి చెప్పే జబ్బే. ఒంటరితనం, నిద్ర లేకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటితే ఫ్యామిలీ డాక్టర్‌కే చెప్పండి, వేరే గుమ్మం వెతకక్కర్లేదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే అమెరికా, కెనడాల్లో 988, బ్రిటన్‌లో 116123, ఆస్ట్రేలియాలో 131114, ఏ వేళలోనైనా మాట్లాడతారు.

ఆరో మెట్టు: బాధని మాటల్లో పెట్టడం

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే. భాష బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు, ఎందుకంటే ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీషు వేరు, నొప్పిని చెప్పే ఇంగ్లీషు వేరు.

తెలుగులో మనం వాడే కొన్ని మాటలకి అవతలి భాషలో మాటే లేదు. "వేడి చేసింది" అని అనువదించి చెప్తే డాక్టర్ థర్మామీటర్ తీస్తారు. మీరు చెప్పదలచుకున్నది నోట్లో పుండ్లా, మూత్రంలో మంటా, ముక్కులోంచి రక్తమా? ఉన్నదున్నట్టు అది చెప్పండి. "గ్యాస్" అంటే ఛాతీలో మంటా, పొట్ట ఉబ్బరమా, తేన్పులా? "నీరసం" అంటే మెట్లెక్కితే ఆయాసమా, కండరాల్లో బలం లేకపోవడమా, నిద్ర ముంచుకురావడమా? "కళ్లు తిరుగుతున్నాయి" అన్న మాట మరీ ముఖ్యం. గది మొత్తం గిర్రున తిరిగినట్టుంటే డాక్టర్ చెవి లోపలి భాగం గురించి ఆలోచిస్తారు, కళ్లు చీకట్లు కమ్మి పడిపోతానేమో అనిపిస్తే బీపీ గురించి, గుండె గురించి ఆలోచిస్తారు. ఒకే తెలుగు మాట, పరీక్షలు పూర్తిగా వేరు.

అందుకే వెళ్లే ముందు రోజు కూర్చుని, ముందు తెలుగులోనే రాయండి. ఎక్కడ, ఎప్పుడు మొదలైంది, ఎలాంటిది (గుచ్చినట్టా, పిండినట్టా, మంటా, సలుపా), ఎక్కడికైనా పాకుతోందా, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది, దీనికి ఇప్పటిదాకా ఏం వేసుకున్నారు. తర్వాత అవతలి భాషలోకి మార్చుకోండి. మొదటి వాక్యం మాత్రం బట్టీ పట్టండి. "మూడు వారాలుగా రాత్రిపూట దగ్గు, పడుకుంటే ఎక్కువ, కిందటి వారం నుంచి మెట్లెక్కితే ఆయాసం" అని ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే డాక్టర్ తలెత్తి వింటారు.

సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని అడుగుతారు. ఎందుకులే అని మూడు అనేవాళ్లు ఎక్కువ. అంకెతోపాటు ఆ నొప్పి వల్ల ఏం చేయలేకపోతున్నారో చెప్పండి: రాత్రి రెండుసార్లు మెలకువ వస్తోంది, బ్యాగ్ ఎత్తలేకపోతున్నాను. అది అంకె కన్నా ఎక్కువ చెప్తుంది.

ఏడో మెట్టు: దుబాసీని అడగండి

భాష సరిగ్గా రాకపోతే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో దీనికి పేషెంట్ డబ్బు కట్టక్కర్లేదు. అమెరికాలో ఫెడరల్ నిధులు అందుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఆస్ట్రేలియాలో 131450 నంబర్ ఉంది. "తెలుగు" అని స్పష్టంగా చెప్పండి, ఇండియన్ అంటే హిందీ దుబాసీని పెట్టేస్తారు.

ఇంట్లోవాళ్లే చెప్తారులే అనుకుంటాం. మా అమ్మ వచ్చినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు డాక్టర్ ఒప్పుకోలేదు. బల్ల మీద ఫోన్ స్పీకర్‌లో పెట్టి, నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. నేను లేచే లోపే ఫోన్‌లోంచి ఒక ఆడమనిషి గొంతు, "అమ్మా, నమస్కారం, మీరు చెప్పింది చెప్పినట్టు డాక్టర్ గారికి చెప్తాను, ఎవరికీ బయటికి పొక్కదు" అంది. అమ్మ భుజాలు దిగడం నేను చూశాను. ఆరు నెలలుగా రక్తం కనిపిస్తోందన్న సంగతి ఆవిడ నా ముందు ఏ రోజూ అనలేదు, ఆ గొంతుకి రెండు నిమిషాల్లో చెప్పేసింది. పిల్లల చేత, భర్త చేత, కొడుకు చేత చెప్పించకూడదని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

దుబాసీ ఉన్నప్పుడు రెండేసి వాక్యాలు చెప్పి ఆగండి, ఫోన్ వైపు కాదు డాక్టర్ వైపు చూస్తూ మాట్లాడండి. ఫోన్‌లో అనువాదం యాప్ దారి అడగడానికి, అపాయింట్‌మెంట్ మార్చుకోవడానికి సరే. మందు మోతాదు, ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ పెట్టే సంతకం దగ్గర దాన్ని నమ్ముకోకండి.

ఎనిమిదో మెట్టు: గదిలో ఆ పది నిమిషాలు

ముఖ్యమైన బాధే ముందు చెప్పండి. తలుపు దగ్గరికి వెళ్లాక "అన్నట్టు, ఛాతీలో కూడా..." అనకండి. మూడు సమస్యలుంటే కూర్చోగానే మూడున్నాయని చెప్పి, ఈ రోజు ఎన్ని చూడగలరో అడగండి.

గత ఏడాదిలో ఏయే దేశాలు తిరిగారో మీరే చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి. జ్వరం ఉంటే మరీను. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ చూడని దేశంలో డాక్టర్‌కి అవి వెంటనే తట్టవు. వైవాక్స్ అనే రకం మలేరియా అయితే ప్రయాణం అయిన నెలల తర్వాత కూడా బయటపడుతుంది. ఒక్క వాక్యంతో సరైన రక్తపరీక్ష ఆ రోజే జరుగుతుంది.

ఉద్యోగానికో కాలేజీకో టీబీ పరీక్ష అడిగితే, చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నామని చెప్పండి. ఆ టీకా వల్ల చర్మం మీద చేసే పరీక్ష తప్పుగా పాజిటివ్ రావొచ్చు. ఇగ్రా అనే రక్తపరీక్ష మీద బీసీజీ ప్రభావం ఉండదు, అది చేయమని అడగొచ్చు.

సిగరెట్, మద్యం, లైంగిక జీవితం, ఆయుర్వేదం, హోమియో, పౌడర్లు, ఏది అడిగినా నిజం చెప్పండి. చాలా దేశాల్లో ఇవి మీ కంపెనీకి చెప్పడానికి డాక్టర్‌కి హక్కు లేదు. జర్మనీలో సెలవు సర్టిఫికెట్ సంగతే చూడండి, కంపెనీకి అందే దాంట్లో జబ్బు పేరే ఉండదు. మహిళా డాక్టర్ కావాలని, పరీక్ష చేసేటప్పుడు పక్కన ఇంకొకరు ఉండాలని అడగడం మర్యాద తక్కువేం కాదు, అడగండి.

ఏమీ రాసివ్వకుండా "మూడు రోజులు చూడండి" అంటే మిమ్మల్ని పట్టించుకోలేదని కాదు. వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు, అందుకే ఇవ్వరు. అయితే ఒక ప్రశ్న అడక్కుండా లేవకండి: "ఏం జరిగితే, ఎన్ని రోజుల్లో, ఎక్కడికి మళ్లీ రావాలి?" జవాబు ఆయన ముందే రాసుకోండి. తర్వాత మీకు అర్థమైంది మీ మాటల్లో తిరిగి చెప్పండి: "అయితే ఈ మాత్ర పొద్దున ఒకటి, తిన్నాక, ఏడు రోజులు, తగ్గినా ఆపకూడదు, అంతేనా?" తప్పుంటే అక్కడే దిద్దుతారు. పరీక్ష చేస్తే ఫలితం ఎవరు చెప్తారో, ఎన్ని రోజుల్లోనో అడగండి. ఫోన్ రాకపోతే అంతా బాగానే ఉందని అనుకోకండి, మీరే చేయండి.

తొమ్మిదో మెట్టు: మందులు

ఇంటి నుంచి తెచ్చుకునే మందులు డాక్టర్ చీటీతో, అసలు డబ్బాల్లోనే తెచ్చుకోండి. కొన్ని దేశాల్లో మామూలనుకున్న మందులే నేరం. యూఏఈకి కోడీన్, ట్రామడాల్ ఉన్నవి తీసుకెళ్లాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. జపాన్‌లోకి సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన జలుబు మందులు తేకూడదు, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకి వాడే యాంఫెటమిన్ మందులు చీటీ ఉన్నా కుదరదు. అమెరికాకి తెచ్చుకుంటే మామూలుగా 90 రోజుల వాడకానికి మించకూడదు. తర్వాత కొరియర్‌లో తెప్పించుకోవచ్చులే అనుకోకండి, కస్టమ్స్‌లో ఆగిపోతాయి. వచ్చిన మొదటి నెలలోనే అక్కడి డాక్టర్ చేత అదే మందు రాయించుకోవాలి, మందులు రెండు వారాలకి సరిపడా ఉన్నప్పుడే, చివరి మాత్ర వేసుకున్నాక కాదు.

చివరి మెట్టు: బిల్లు, రికార్డులు

అమెరికాలో ఇన్సూరెన్స్ నుంచి వచ్చే, ఖర్చులో ఎవరి వాటా ఎంతో చెప్పే ఈఓబీ అనే కాగితం బిల్లు కాదు, దాన్ని చూసి కట్టేయకండి. ఆసుపత్రి బిల్లు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే ఐటమ్ వారీ బిల్లు అడగండి. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి డాక్టర్ చూసినా ఎక్కువ బిల్లు మీ మీద వేయకూడదు, అయితే రోడ్డు అంబులెన్స్ ఇందులోకి రాదు. ఇన్సూరెన్స్ లేనివాళ్లు ముందే అంచనా రాతపూర్వకంగా అడగొచ్చు. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆర్థిక సాయం పథకం ఉండి తీరాలి, బిల్లు కట్టలేకపోతే ఆ ఫారం అడగండి. అప్పు చేసి కట్టే ముందు అడగాల్సింది ఇదే.

ప్రతి విజిట్ తర్వాత రిపోర్టులు, స్కాన్‌లు, డాక్టర్ రాసిన సారాంశం కాపీ తీసుకోండి. మీ రికార్డుల మీద మీకు హక్కుంది: యూరప్‌లో అడిగిన నెలలోపు ఇవ్వాలి, మొదటి కాపీ ఉచితం, అమెరికాలో గడువు 30 రోజులు. దేశం వదిలి వచ్చేటప్పుడు ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో ఇదే మర్చిపోతారు. టికెట్ బుక్ చేసిన రోజే క్లినిక్‌కి ఒక మెయిల్ పెట్టండి, స్కాన్‌ల రిపోర్టులతోపాటు ఇమేజ్‌లు కూడా ఇమ్మనండి, పిల్లల టీకాల రికార్డ్ విడిగా అడగండి. విమానంలో అవి మీ చేతి సంచిలో ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో కాదు.